రోల్ నంబర్ బ్యాచ్ జట్టు కాదు: ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో టీమ్ బేస్డ్ లెర్నింగ్ నడిపే పద్ధతి

మెడికల్ కాలేజీలో బ్యాచ్ అంటే రోల్ నంబర్లే. 1 నుంచి 15 దాకా ఒక డిసెక్షన్ టేబుల్, 16 నుంచి 30 దాకా ఇంకో టేబుల్. హాజరు వేయడానికి, రికార్డులు దిద్దడానికి ఈ పద్ధతి హాయిగా ఉంటుంది. కలిసి చదువుకోవడానికి మాత్రం ఇంతకన్నా అధ్వానమైన విభజన దొరకదు. నంబర్లు అక్షర క్రమంలో ఇస్తే సాయిలందరూ ఒకే టేబుల్ దగ్గర చేరతారు. అడ్మిషన్ క్రమంలో ఇస్తే మంచి ర్యాంకులన్నీ ఒక పక్క, చివరి కౌన్సెలింగ్‌లో సీటు దొరికినవాళ్లందరూ ఇంకో పక్క. నెల తిరిగేసరికి ఏది 'మంచి బ్యాచ్' అనేది అటెండర్‌కి కూడా తెలిసిపోతుంది.

2019లో వచ్చిన సీబీఎంఈ (సామర్థ్యాల ఆధారిత వైద్య విద్య) పాఠ్యప్రణాళిక చిన్న బృందాల్లో బోధించమంది, సబ్జెక్టులను ఒకదానితో ఒకటి కలిపి చెప్పమంది. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మొదలైన పీబీఎల్ (ఒక సమస్యను పట్టుకుని చదివే పద్ధతి) అందుకు బాగానే పనికొస్తుంది గానీ, దానికి ఎనిమిది పది మందికి ఒక ట్యూటర్ కావాలి. 150 సీట్ల కాలేజీలో ఒకే గంటకు పదిహేను మందికి పైగా ట్యూటర్లను ఎక్కడినుంచి తెస్తాం? టీమ్ బేస్డ్ లెర్నింగ్‌కు (టీబీఎల్) ఆ ఇబ్బంది లేదు. అమెరికాలోని ఓక్లహామా విశ్వవిద్యాలయంలో 1970ల చివర్లో లారీ మైకెల్సన్ దీన్ని తయారుచేసుకున్నది వైద్యం కోసం కాదు, కిక్కిరిసిపోయిన మేనేజ్‌మెంట్ తరగతి కోసం. ఒక టీచరు, ఒక హాలు, ఇరవై ముప్పై జట్లు చాలు. అందుకే ఇక్కడ దాన్నే తీసుకుంటున్నాం.

అడుగు 1: ఎన్ని జట్లు, జట్టుకు ఎంతమంది

ఐదు నుంచి ఏడుగురు. మాకు నచ్చేది ఆరుగురు. నలుగురే ఉంటే ఒకరు సెలవు పెట్టినా జట్టు కుంటుపడుతుంది. ఆరుగురి మధ్య ఇద్దరిద్దరుగా మాట్లాడుకునే దారులు 15. పదిమందయితే 45 అవుతాయి. అన్ని దారులనూ ఎవరూ వాడలేరు కనుక పదిమంది జట్టు తనంతట తనే ముగ్గురు మాట్లాడే జట్టు, ఏడుగురు వినే సభ అయిపోతుంది. ఎంతమంది తాడు లాగితే ఒక్కొక్కరి బలం అంత తగ్గుతుందని ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్‌మన్ వందేళ్ల కిందటే కొలిచి 1913లో ప్రచురించాడు. డిసెక్షన్ టేబుల్ చుట్టూ పదిహేను మంది నిలబడితే స్కాల్‌పెల్ ఎవరి చేతిలో ఉంటుందో, ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో చూసినా ఇదే కనబడుతుంది.

150 మందికి 25 జట్లు, ఒక్కోదాంట్లో ఆరుగురు. 250 మందికి 40 జట్లు చేస్తే ముప్పైలో ఆరుగురు, పదింటిలో ఏడుగురు.

అడుగు 2: ఎవరెవరిని కలపాలి

ఫౌండేషన్ కోర్సు (చేరగానే నడిపే పరిచయ తరగతులు) అయ్యాక, స్నేహబృందాలు గట్టిపడకముందే ఈ పని ముగించాలి. జట్లను విద్యార్థులకు వదిలేయకండి. వదిలేస్తే హాస్టల్ గదులే జట్లు అవుతాయి, ఒకే కోచింగ్ క్యాంపస్ నుంచి వచ్చినవాళ్లు ఒకచోట చేరతారు, చివరికి ఎవరూ పిలవని ఏడెనిమిది మంది మిగిలి ఒక 'మిగిలినవాళ్ల జట్టు' తయారవుతుంది. ఆ జట్టును ఏడాదంతా బాగుచేయలేరు.

ముందు మార్కులు. నీట్ ర్యాంకు వాడొద్దు. అది కోటానూ కేటగిరీనీ వెంటేసుకొస్తుంది, పైగా ఫిజియాలజీ ఎలా చదువుతారో చెప్పదు. మూడో నాలుగో వారంలో 20 ప్రశ్నల చిన్న పరీక్ష పెట్టి ఆ మార్కులు తీసుకోండి. ఎక్సెల్‌లో పెద్దదాని నుంచి చిన్నదానికి వరుస పెట్టి, జట్టు నంబర్లను పాములా నడపండి: మొదటి 25 మందికి 1 నుంచి 25, తర్వాతి 25 మందికి 25 నుంచి 1, మళ్లీ 1 నుంచి 25. ఇలా ఆరు వరుసలు. అప్పుడు 1వ జట్టులోకి 1, 50, 51, 100, 101, 150 స్థానాల వాళ్లు వస్తారు. 25వ జట్టులోకి 25, 26, 75, 76, 125, 126. కూడి చూడండి, రెండూ 453. ఏ జట్టు కూడినా అంతే. పాము నడవకుండా ప్రతి వరుసలోనూ 1 నుంచి 25 వేస్తే 1వ జట్టు మొత్తం 381, 25వ జట్టు మొత్తం 525 అవుతుంది. అంటే మొదటి జట్టుకు అన్ని వరుసల్లోనూ పైవాడే దక్కుతాడు.

మొత్తం సమానమైనా ఒక తేడా మిగిలే ఉంటుంది. 1వ జట్టులో క్లాస్ ఫస్టూ క్లాస్ లాస్టూ పక్కపక్కనే కూర్చుంటారు, 25వ జట్టులో ఆ కొసా ఈ కొసా ఉండవు. మొదటి రెండు మూడు జట్ల మీద మొదటి నెలలో ఒక కన్ను వేసి ఉంచండి.

ఇక సర్దుబాట్లు. ఇక్కడ ఒక్కటే నియమం: మార్చుకునే ఇద్దరూ ఒకే వరుసలోని వాళ్లై ఉండాలి. మూడో వరుసలోని అమ్మాయిని ఇంకో జట్టుకు పంపితే అక్కడినుంచి మూడో వరుసలోని వాళ్లనే తెచ్చుకోవాలి. అప్పుడు మార్కుల తూకం పెద్దగా చెదరదు. ఏం చూసి మార్చాలంటే:

- రూమ్మేట్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఒకే కాలేజీలో రెండేళ్లు కలిసి చదివినవాళ్లు వేర్వేరు జట్లలో ఉండాలి. ప్రేమ జంటల సంగతి హాస్టల్ వార్డెన్‌ను అడిగితే తెలుస్తుంది, రిజిస్టరులో ఉండదు.
- జట్టులో ఒంటరి అమ్మాయి ఉండకూడదు, ఒంటరి అబ్బాయీ ఉండకూడదు. కనీసం ఇద్దరు.
- తెలుగు రానివాళ్లు. ఆలిండియా కోటాలో వచ్చినవాళ్లలో తెలుగు రానివాళ్లు పద్నాలుగు మంది ఉన్నారనుకుందాం. జట్టుకొకరు చొప్పున పద్నాలుగు జట్లకు పంచాలని చేయి లాగుతుంది. పంచొద్దు. ఐదుగురు తెలుగువాళ్ల మధ్య ఒక్కరే ఉంటే చర్చ రెండో నిమిషంలోనే తెలుగులోకి జారిపోతుంది, ఆ ఒక్కరూ తలాడిస్తూ కూర్చుంటారు. ఇద్దరిద్దరు చొప్పున ఏడు జట్లలో వేయండి. ఇద్దరుంటే 'ఇంగ్లిష్‌లో చెప్పండ్రా' అని అడిగే ధైర్యం వస్తుంది.
- లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని వచ్చినవాళ్లు, నేరుగా ఇంటర్ నుంచి వచ్చినవాళ్లు కలిసి ఉంటే మంచిది. వయసులో ఒకటి రెండేళ్లే తేడా అయినా, చదువు ఎలా ప్లాన్ చేసుకోవాలో మొదటివాళ్లకు తెలిసి ఉంటుంది.
- డే స్కాలర్లు ఒక జట్టుకు ముగ్గురికి మించకుండా చూడండి. సాయంత్రం కలిసి చదివే వీలు హాస్టల్ వాళ్లకే ఉంటుంది.

మైకెల్సన్ పద్ధతిలో విద్యార్థులను గోడ పక్కన వరుసగా నిలబెట్టి, అందరి ఎదుటే లెక్కపెట్టి జట్లు చేస్తారు. అంతా కళ్లెదుటే జరుగుతుంది కనుక అనుమానాలు రావు. మన దగ్గర మార్కుల కోసం అలా నిలబెడితే పరువు సమస్య అవుతుంది. మార్కుల లెక్క గదిలోనే ముగించి, జాబితా అంటించేటప్పుడు జట్లు చేసిన నియమాలను మాత్రం పక్కనే రాసి పెట్టండి: 'పరీక్ష మార్కులు, భాష, హాస్టల్, పాత పరిచయం చూసి జట్లు చేశాం. కోటా, కులం, ఊరు చూడలేదు.' ఈ రెండు వాక్యాలు లేకపోతే మూడో వాక్యం విద్యార్థులే కల్పించుకుంటారు.

జట్లు ఏడాదంతా మారవని కూడా అదే కాగితంలో రాయండి. మొదటి రెండు సెషన్లలో మర్యాదలే తప్ప చర్చ ఉండదు. నాలుగో సెషన్ దాటాకే ఒకరి జవాబును ఇంకొకరు కాదనగలుగుతారు. ప్రతి టాపిక్‌కూ జట్లు మారిస్తే ఎప్పటికీ మర్యాదల దగ్గరే ఆగిపోతారు. వేధింపు ఫిర్యాదు వస్తే మాత్రం ఈ నియమం వర్తించదు: ఆ రోజే జట్టు మార్చి, మిగతాది కాలేజీ కమిటీకి అప్పగించాలి.

అడుగు 3: ముందు చదవాల్సింది

ఎనిమిది నుంచి పది పేజీలు, వారం ముందే. 'రక్తం చాప్టరు చదివి రండి' అంటే ఎవరూ చదవరు. పేజీ నంబర్లు ఇవ్వండి, ఏ పట్టిక వదిలేయొచ్చో కూడా చెప్పండి. సెషన్‌కు ముందు రోజు ఇంటర్నల్ ఉంటే ఆ వారం టీబీఎల్ పెట్టకండి. ఆ రోజు చదవకుండా వచ్చిన 150 మందితో మీరు చేయగలిగింది లెక్చరే.

అడుగు 4: రెండు గంటల నడక

ప్రాక్టికల్ స్లాట్ సరిపోతుంది. సర్దుకోవడానికి 5 నిమిషాలు, వ్యక్తిగత పరీక్ష 12 (పది ప్రశ్నలు), అదే ప్రశ్నపత్రంతో జట్టు పరీక్ష 18, అప్పీళ్లు 5, తికమక ఉన్న రెండు మూడు అంశాల మీద చిన్న వివరణ 10, అన్వయ ప్రశ్నలు 50. మొత్తం 100 నిమిషాలు. మిగతా ఇరవై ఆలస్యంగా వచ్చేవాళ్లకూ, కరెంటుకూ.

గ్యాలరీ హాల్లో బెంచీలు కదలవు. ముగ్గురు ముందు వరుసలో, ముగ్గురు వాళ్ల వెనక వరుసలో కూర్చుని, ముందున్నవాళ్లు వెనక్కి తిరగాలి. ఆరుగురూ ఒకే బెంచీ మీద వరుసగా కూర్చుంటే మొదటివాడి మాట ఆరోవాడికి వినబడదు. అది జట్టు కాదు, బస్సు క్యూ. పరీక్షల హాలు దొరికితే ఇంకా మంచిది.

జట్టుకొక ఫోల్డర్ ముందే కట్టి ఉంచాలి: ఆరు ప్రశ్నపత్రాలు, ఆరు జవాబు స్లిప్పులు, ఒక స్క్రాచ్ కార్డు, ఒక అప్పీలు కాగితం, ఏ బీ సీ డీ అని పెద్ద అక్షరాలున్న నాలుగు రంగు అట్టలు.

స్క్రాచ్ కార్డు లేకపోతే జట్టు పరీక్షలో జీవం ఉండదు. ఒక జవాబు మీద జట్టు ఒప్పుకోవాలి, గీకాలి. నక్షత్రం కనబడితే 4 మార్కులు, లేకపోతే మళ్లీ చర్చ. రెండోసారి 2, మూడోసారి 1, తర్వాత సున్నా. తప్పు అక్కడికక్కడే తెలిసిపోతుంది. బయట కొనే కార్డులు ఖరీదైతే కంప్యూటర్లో గళ్లు గీసి, సరైన గడిలో చుక్క వేసి, పైన స్క్రాచ్ స్టిక్కర్లు అంటించుకోవచ్చు. పది ప్రశ్నలు, నాలుగేసి గళ్లు, 25 జట్లు: ఒక సెషన్‌కు 1000 స్టిక్కర్లు. ఇద్దరు కూర్చుంటే ఒక మధ్యాహ్నం పడుతుంది. పలచటి కాగితం వాడితే ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టగానే చుక్క కనబడిపోతుంది. మందపాటి అట్ట వాడండి. జవాబుల వరుస ప్రతి సెషన్‌కూ మార్చండి, సీనియర్ల ఫోన్లలో పాతది తప్పకుండా ఉంటుంది.

అప్పీలు నోటితో వినొద్దు. పుస్తకం పేజీ చూపిస్తూ జట్టంతా కలిసి రాసిస్తేనే చూడాలి. ఒప్పుకుంటే ఆ మార్కు అప్పీలు రాసిన జట్టుకే. ఈ నియమం లేకపోతే ఐదు నిమిషాలు అరగంట అవుతుంది.

అడుగు 5: అన్వయ ప్రశ్న

జట్టు ఎంత బాగా కూర్చినా ప్రశ్న చెడ్డదైతే అంతా వృథా. 'రక్తహీనతకు కారణాలు చర్చించండి' అని ఇచ్చి చూడండి. ఒకరు ఇనుము, ఒకరు బీ12, ఒకరు నులిపురుగులు అని పంచుకుని, విడివిడిగా రాసి, చివర్లో పిన్ను కొడతారు. సెమినార్లు, ప్రాజెక్టులు అన్నిట్లోనూ జరిగేది ఇదే. పంచుకోవడానికి వీలున్న పని ఇచ్చామంటే కలిసి ఆలోచించొద్దని మనమే చెప్పినట్టు. పంచుకోలేని పని ఒక్కటే: నిర్ణయం.

అందుకే నాలుగు షరతులు. సమస్య నిజమైనదై ఉండాలి. అన్ని జట్లకూ ఒకటే ఇవ్వాలి. ఒక్క ఎంపికే చేయాలి. అందరూ ఒకేసారి చూపించాలి.

ఒక నమూనా:

24 ఏళ్ల మహిళ, రెండో కాన్పు, 20వ వారం. నీరసం, మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ డెసీలీటరుకు 7.8 గ్రాములు, ఎర్ర కణాలు 36 లక్షలు, ఎంసీవీ (ఎర్ర కణాల సగటు పరిమాణం) 68. రోజుకొక ఐరన్ మాత్ర వేసుకుంటోంది. అన్నం తిన్న వెంటనే మాత్ర, దాని వెంటనే టీ. ఇనుము లోపమా, థలసీమియా ట్రెయిటా (వారసత్వంగా వచ్చే తేలికపాటి హిమోగ్లోబిన్ లోపం) తేల్చడానికి ఒక్క పరీక్షే చేయించగలరు. ఏది? ఏ) సీరం ఐరన్ బీ) పెరిఫెరల్ స్మియర్ సీ) సీరం ఫెరిటిన్ డీ) రెటిక్యులోసైట్ కౌంట్.

జవాబు సీ: ఫెరిటిన్ ఒంట్లో నిల్వ ఉన్న ఇనుమును చూపిస్తుంది. అయితే అసలు సరుకు జవాబులో లేదు, దాని చుట్టూ జరిగే వాదనలో ఉంది. స్మియర్ (గాజుపలక మీద రక్తపు చుక్క పరచి మైక్రోస్కోపులో చూడటం) చౌక, వెంటనే వస్తుంది, కానీ రెండిట్లోనూ కణాలు చిన్నగా, పాలిపోయే కనబడతాయి. సీరం ఐరన్ రోజులో పూటపూటకూ మారుతుంది, మాత్ర వేసుకుంటే పెరుగుతుంది. ఒక జట్టు ఎంసీవీ 68ని 3.6తో (36 లక్షలంటే 3.6 మిలియన్లు) భాగించి 18.9 తెస్తుంది, 13 దాటితే ఇనుము లోపం వైపు అంటుంది. గర్భంలో ప్లాస్మా పెరిగి కణాల లెక్క పలచబడుతుంది కదా, ఆ సూచికను ఎంతవరకు నమ్ముతారని ఇంకో జట్టు అడుగుతుంది. ఇన్ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ కూడా పెరుగుతుందని మూడో జట్టు. ఇంతవరకు వచ్చారంటే మీరు మాట్లాడాల్సిన అవసరమే లేదు. హెచ్‌బీ ఏ2ను (థలసీమియా ట్రెయిట్‌లో పెరిగే హిమోగ్లోబిన్ రకం) కావాలనే పెట్టలేదు. ఇనుము లోపంలో అది తగ్గి కనబడవచ్చు, ఆ గొడవ మొదటి ఏడాదికి బరువు.

రెండో ప్రశ్న: ఇనుము లోపమే అని తేలింది. ఈ రోజు చేయాల్సింది? ఏ) రోజుకు రెండు మాత్రలు చేసి, టీని గంటైనా దూరం జరపడం బీ) సిర ద్వారా ఐరన్ సీ) రక్తం ఎక్కించడం డీ) ఒక మాత్రే కొనసాగించి నిమ్మరసం చేర్చడం. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం గర్భిణికి హిమోగ్లోబిన్ 7 నుంచి 10.9 మధ్య ఉంటే 60 మిల్లీగ్రాముల ఇనుమున్న మాత్ర రోజుకు రెండు. టీలోని టానిన్లు ఇనుమును పట్టేసుకుంటాయన్న బయోకెమిస్ట్రీ ముక్క ఇక్కడ తనంతట తనే వస్తుంది.

'మూడు, రెండు, ఒకటి' అనగానే 25 అట్టలు ఒకేసారి లేవాలి. ఒక్కొక్క జట్టునూ అడుగుతూ పోతే మూడో జట్టు తర్వాత అందరూ 'మాదీ అదే సర్' అంటారు.

ఎవరు సమర్థించాలో తేల్చడానికి పాచిక వేయండి. జట్టులో ఒక్కొక్కరికీ 1 నుంచి 6 దాకా నంబరు ఉంటుంది (ఏడో మనిషి ఉంటే 6 ఇద్దరికి). 4 పడితే ప్రతి జట్టులోనూ 4వ నంబరు వాళ్లే లేవాలి. ఇది తెలిసిన క్షణం నుంచి బాగా చదివినవాళ్లు మిగతావాళ్లకు వివరించడం మొదలుపెడతారు. దయతో కాదు, వాళ్ల మార్కు అటువైపు ఉంది కనుక.

అడుగు 6: జట్టు పనిచేస్తోందా, స్లిప్పులే చెబుతాయి

సెషన్ అయ్యాక వ్యక్తిగత స్లిప్పులను జట్లవారీగా పేర్చండి. ప్రతి ప్రశ్నకూ ఒకటే చూడాలి: జట్టులో ఒక్కరికైనా సరైన జవాబు వచ్చిందా, వచ్చాక జట్టు మొదటి గీకులో దాన్నే ఎంచుకుందా? ఆరుగురి స్లిప్పులు కలిపితే పదికి పది ఉండి, జట్టుకు మొదటి గీకులో ఆరే సరిగ్గా వస్తే నాలుగు జవాబులు జట్టులోనే ఉండి వినబడలేదన్నమాట. ఆ నాలుగూ ఎవరివో చూడండి. తరచూ ఒకే మనిషివై ఉంటాయి: వెనక వరుసలో చివర కూర్చున్న అమ్మాయి, లేదా తెలుగు రాని అబ్బాయి. వచ్చేసారి ఆ మనిషిని మధ్యలో కూర్చోబెట్టండి, స్క్రాచ్ కార్డు ఆ చేతికే ఇవ్వండి. కార్డు చేతిలో ఉన్నవాళ్లు ఒప్పుకోనిదే గీకడం కుదరదు. ఉపన్యాసం ఇచ్చి 'అందరూ పాల్గొనాలి' అనేకన్నా ఇది బాగా పనిచేస్తుంది.

ఇంకో రకం జట్టులో ఎప్పుడూ ఒకరి మార్కే జట్టు మార్కు. అక్కడ చర్చ లేదు, ఒక నాయకుడున్నాడు. ఆ జట్టులో స్లిప్పు రాసిన వెంటనే, నోరు తెరవకముందే ఆరుగురూ వేళ్లతో జవాబు చూపించాలని పెట్టండి.

అడుగు 7: సహచరుల మూల్యాంకనం

అందరూ అందరికీ పదికి పది వేస్తారు. హాస్టల్లో రాత్రి ఒకే మెస్‌లో తినాల్సినవాళ్లు ఇంకేం వేస్తారు? ఐదుగురికి కలిపి 50 పాయింట్లు ఇచ్చి, ఏ ఇద్దరికైనా తేడా ఉండి తీరాలంటే, వంతులవారీగా 9లూ 11లూ పంచుకునే ఒప్పందాలు పుడతాయి. అంకె కన్నా వాక్యం మేలు. ఒక్కొక్కరి గురించి రెండు వాక్యాలు తప్పనిసరి చేయండి: జట్టుకు పనికొచ్చిన ఒక పని, మార్చుకోవాల్సిన ఒక పని. చేతిరాత గుర్తుపడతారు కనుక గూగుల్ ఫారమ్‌లో తీసుకుని, పేర్లు తీసేసి, టీచరే అందజేయాలి. మొదటిది నాలుగో సెషన్ తర్వాత, మార్కులు లేకుండా. రెండోది ఏడాది చివర, మార్కులతో.

విభాగానికి ఉన్న వెసులుబాటును బట్టి టీబీఎల్ మార్కుల్లో సగం వ్యక్తిగత పరీక్షకు, 35 శాతం జట్టు పనికి, 15 శాతం సహచరులకు ఇస్తే సరిపోతుంది. జట్టు వాటా సగం దాటితే చదవనివాళ్లు గట్టెక్కేస్తారు, చదివేవాళ్లు తల్లిదండ్రులతో ఫోన్ చేయిస్తారు.

అడుగు 8: వార్డులోకి

ఇదే జట్టును ఎర్లీ క్లినికల్ ఎక్స్‌పోజర్‌కు (మొదటి ఏడాదిలోనే రోగుల దగ్గర నేర్చుకోవడం) తీసుకెళ్తే కూర్పులో పెట్టిన భాష లెక్క అక్కడ అక్కరకొస్తుంది. మంచం చుట్టూ ఆరుగురు ఎక్కువ, ముగ్గురేసి విడగొట్టండి. ఒకరు మాట్లాడాలి, ఒకరు చూడాలి, ఒకరు రాయాలి. తెలుగు రానివాళ్లను రాసే పనికే పరిమితం చేయకండి. తెలుగువాళ్లు పక్కనుండగా రెండు ప్రశ్నలైనా వాళ్లే అడగాలి. నీరసం వేరు, ఆయాసం వేరు, కళ్లు తిరగడం వేరు అని అక్కడే నేర్చుకుంటారు. పై కేసులో పైకా గురించి తెలుసుకోవాలంటే 'తినకూడనివి తినాలనిపిస్తుందా' అంటే ఆమెకు అర్థం కాదు. 'బియ్యం, బలపం, మట్టి తినాలనిపిస్తుందా అమ్మా?' అని అడగాలి. అలా అడగడం ఇంగ్లిష్ మీడియంలో చదివిన తెలుగు పిల్లలకూ కొత్తే.

రెండో ఏడాది మొదలుకాగానే ఈ జట్లను రద్దు చేసి, ఈసారి ఫైనల్ మార్కులతో మళ్లీ పాము నడపండి. పాత జట్టులోని ఇద్దరికి మించి కొత్త జట్టులో ఉండకూడదు. సప్లిమెంటరీ రాసి ఆలస్యంగా చేరేవాళ్ల కోసం నాలుగైదు జట్లలో ఒక్కో ఖాళీ ముందే ఉంచండి. వాళ్లందరినీ ఒక జట్టు చేస్తే మళ్లీ ఆ 'మిగిలినవాళ్ల జట్టే' తయారవుతుంది.